గంగమ్మ గద్దె

నాగిరేవు,
ఫిబ్రవరి 9

విమలక్కకు సుగుణ రాసేది.

మొన్న నీ మనవరాలు సుష్మిత ఫోను నీ చెవి దగ్గర పెట్టింది. నేను పావుగంట అరిచాను. చివరికి నువ్వు "ఆఁ ఆఁ, పంపు" అన్నావు. ఏం పంపమన్నావో నీకూ తెలియదు, నాకూ తెలియదు. చెవిటి ముందు శంఖం ఊదడం కన్నా కాగితం మీద రాయడం నయమనిపించింది. బీడీలు చుట్టుకుంటూ రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి.

చేపల పులుసు క్యారియర్ పై గిన్నెలో ఈ జాబు పెడుతున్నాను. ఎల్లారెడ్డి బస్సు కండక్టరు ఆశన్న కామారెడ్డి బస్టాండులో దాన్ని సుష్మిత చేతికిస్తాడు. ఖాళీ క్యారియర్లో నీ జవాబు పెట్టి పంపు.

నీ కొడుకు సంగతి ముందు చెబుతాను, లేకపోతే మిగతాది చదవవు. మహేందర్‌కు కొత్త బజార్లో మూడో షెడ్డు వచ్చింది. వంతెన పడి బస్సులు పైరోడ్డున పోవడం మొదలయ్యాక మన రేవు బజారు కుక్కలు పడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు కదా. ఇప్పుడు మన ఊరి కుర్రాడు ప్రేమ్‌కుమార్ కమిటీ పెట్టి దాన్ని మళ్ళీ లేపుతున్నాడు. ఏటి ఒడ్డున ఇసుక దిబ్బ మీద పన్నెండు చేపల హోటళ్ళు, రంగు బల్బులు, ఫోటోలు దిగడానికి ఒక పడవ. దుబాయిలో పదకొండేళ్ళు ఎవరి వంటింట్లోనో పెనాలు తోమినవాడు ఇప్పుడు సొంత పెనం కొన్నాడు. నీ కోడలు వనజ అయితే ఏ మసాలా ఎక్కడ పెట్టాలో అప్పుడే గోడ మీద బొగ్గుతో గీసుకుంది.

ఒక్క సంగతి మాత్రం నాకు బాగా లేదు. పునాదులు తవ్వుతుంటే నడుము లోతులో మసి పట్టిన పొయ్యి రాళ్ళు బయటపడ్డాయి. పక్కనే ఇనుప గంటె. మేస్త్రీ నవ్వి, "ఇంతకుముందె గిక్కడ ఎవరో హోటల్ పెట్టిండ్రు" అన్నాడు. జాలరి పోచన్న వల చిక్కులు తీసుకుంటూ అక్కడే కూర్చున్నాడు. "పెట్టిండ్రు. యాడికి పోయిండ్రో గది గూడ అడుగు" అన్నాడు. ఎవరూ అడగలేదు. గంటెను నేను ఇంటికి తెచ్చుకున్నాను.

నీ చెల్లె,
సుగుణ


కామారెడ్డి,
ఫిబ్రవరి 27

చెల్లె సుగుణకు.

పులుసు అందింది. ఉప్పు కాస్త చెయ్యి జారింది గాని జాబు బాగుంది. సుష్మిత చదివి పెడతానంది, నా కళ్ళు బాగానే ఉన్నాయి పొమ్మన్నాను. దాని కాలేజీ అయ్యేదాకా ఈ ఒక్క గదిలో నాకు కిటికీ, కిటికీలోంచి సామిల్లు. చెవులు పోవడంలో సుఖం ఏమిటో సామిల్లు ఎదురుగా ఉంటే తెలుస్తుంది.

మహేందర్ నా ఊళ్ళో నిలబడ్డాడన్న మాట నాలుగుసార్లు చదువుకున్నాను. పదకొండేళ్ళు వాడు ఫోనులో బొమ్మయ్యాడు. నేను దేవుణ్ణి ఇంకేమీ అడగను.

అయితే చెల్లె, ఆ దిబ్బ మీద పొయ్యి పెట్టేవాళ్ళకు మన అమ్మమ్మ సాయవ్వ చెప్పిన మాట వాడికి ఎవరు చెబుతారు? వాడు ఊళ్ళో ఉన్నది తక్కువ, ఉన్నప్పుడు విన్నది ఇంకా తక్కువ. "గంగమ్మ కాళ్ళు తడిస్తె పొయ్యార్పుండ్రి. గిన్నెలిడిసి గడ్డెక్కుండ్రి." మనిద్దరం ఆ మాట వింటూనే చేపలు వేయించడం నేర్చుకున్నాం. మంజీర ఎదురుగా రాదు. దిబ్బ వెనక ఉన్న పాయలోంచి దొంగలా వచ్చి, ఊరికీ దిబ్బకూ మధ్య దారి తెంపుతుంది. రేవులో ఉన్న గంగమ్మ రాయి కాళ్ళు తడిశాక పాయ నిండడానికి ఒక వంట అయ్యేంత సేపు పడుతుంది. బతకడానికి ఉన్నది ఆ కాస్త సేపే.

గంగమ్మకు రోజూ దీపం పెట్టేది నువ్వే కాబట్టి చెప్పాల్సింది కూడా నువ్వే. మరిచిపోకు.

విమల


నాగిరేవు,
ఏప్రిల్ 14

అక్కా,

బజారు తెరిచారు. కార్లు పెట్టడానికి చోటు లేక జొన్నచేలో పెట్టారు. కామారెడ్డి నుంచి, మెదక్ నుంచి, హైదరాబాదు నుంచి కూడా వచ్చారు. సాయంత్రానికి మహేందర్ దగ్గర కొర్రమట్ట చేపలు అయిపోయి, పక్క షెడ్డు నుంచి చేబదులు తెచ్చుకున్నాడు. వనజ కాళ్ళు వాచాయి, నోరు మాత్రం అలసిపోలేదు.

నువ్వు చెప్పమన్న మాట చెప్పాను. మహేందర్‌కు ఎంత నచ్చిందంటే, దాన్ని పెద్ద బోర్డు రాయించాడు. "గంగమ్మ కాళ్ళు తడిస్తేనే మా పొయ్యి ఆరేది." జనం దాని కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మిగతా పదకొండు హోటళ్ళవాళ్ళూ అదే మాట రాయించుకున్నారు. అమ్మమ్మ అన్నది ఇది కాదు కదా అని నాకు అనిపించింది. కాని అందరూ సంతోషంగా ఉన్నప్పుడు ఏం అడ్డం పడను?

గంగమ్మకు కూడా కొత్త గద్దె కట్టారు. గ్రానైటు రాయి, పైన మండపం, వానకు తడవదు. గద్దె మీద మన అమ్మమ్మ పేరు చెక్కించారు. "సాయవ్వ జ్ఞాపకార్థం" అని. నేను చదివి ఏడ్చాను.

పోచన్న మాత్రం బజారుకు రావడం లేదు. పిలిచినా రాడు.

సుగుణ


కామారెడ్డి,
మే 5

సుగుణా,

అమ్మమ్మ పేరు రాతి మీద చూడాలని ఉంది. మోకాళ్ళు ఒప్పుకుంటే ఈపాటికి వచ్చేదాన్ని.

కాని నీ జాబులో ఏదో వెలితి ఉంది. గంగమ్మకు గద్దె కట్టారు అన్నావు. ఎక్కడ కట్టారు? రేవులో బురద మీద గ్రానైటు ఎట్లా నిలబడింది? నువ్వు రాయలేదు. పోచన్న ఎందుకు రావడం లేదో కూడా రాయలేదు. చిన్నప్పుడు నా గాజులు పగలగొట్టి, మూడు రోజులు నాకు తలంటి పోస్తానని వెంటబడ్డావు. నీ పులుసులో ఈసారి ఉప్పు సరిగ్గా ఉంది, చేప ముక్కలు ఎక్కువ ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను.

విమల


నాగిరేవు,
జూన్ 18

అక్కా,

నెలన్నర నుంచి ఈ జాబు రాయలేక ఊరుకున్నాను. ఇప్పుడు పూర్తిగా రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

గంగమ్మ రేవులో లేదు. దిబ్బ మీద, బజారు నడిమధ్యలో ఉంది. మార్చిలో ప్రేమ్‌కుమార్ వచ్చి, "అవ్వా, తల్లి గట్ల బురదల ఉంటె మనకే సిగ్గుచేటు. మీ చెయ్యి పడంది రాయి కదలదు. మీరొక్క మాటంటె పైకి తెచ్చి గద్దె మీద కూసోబెడ్తం" అన్నాడు. అమ్మమ్మ పేరు చెక్కిస్తానన్నాడు. నేను కొబ్బరికాయ కొట్టి నా చేత్తో రాయిని కదిలించాను. తల్లిని పైకి తెస్తున్నాననే అనుకున్నాను గాని, గుర్తును పైకి తెస్తున్నానని నాకు తట్టలేదు. ఆ పిల్లవాడికీ తట్టలేదు. రాయి పూజించేదని వాడికి తెలుసు, నీళ్ళు ఎంత వచ్చాయో చూసుకునేదని తెలియదు.

మొన్న తొలకరి పడ్డాక పోచన్న వచ్చి, పడవ గెడ పట్టుకుని రేవు నుంచి గద్దె దాకా కొలిచాడు. పాత చోటికీ కొత్త చోటికీ ఎత్తులో ఒక మనిషి నిలబడి చెయ్యెత్తినంత తేడా ఉంది. "సుగుణమ్మా, గీ గద్దె మీద గంగమ్మ కాళ్ళు తడిసే యాళ్లకు మహేందర్ పొయికాడ నీళ్ళు రొమ్ములకొస్తయ్. పాయ అప్పటికె నిండి ఉంటది. నీరు పల్లమెరుగుతది గని, మన పేర్లెరుగదు" అన్నాడు. ఆ చివరి మాట గద్దె మీద ఉన్న పేరు చూసి అన్నాడు.

పన్నెండు హోటళ్ళవాళ్ళూ పొద్దున లేచి గంగమ్మ కాళ్ళు చూసి పొయ్యి వెలిగిస్తున్నారు, అక్కా. నేనే నేర్పాను. అవి ఎప్పుడూ పొడిగానే ఉంటాయి.

పదిమందిలో చెప్పేయనా? వానాకాలం బజారు మూయమనాలి. రాయిని కిందికి దించాలి. ఒకసారి గద్దెనెక్కించిన తల్లిని బురదలోకి దించితే ఊరు ఒప్పుకోదు, ప్రేమ్‌కుమార్ ఒప్పుకోడు. కాని నువ్వు సరే అంటే రేపే చెబుతాను. నాకు ఒక్కదానికి ధైర్యం చాలడం లేదు.

సుగుణ


కామారెడ్డి,
జూన్ 25

సుగుణా,

నీ జాబు మధ్యలో ఆపకుండా చదివాను, నీ భయం నిజమే.

అయినా ఇప్పుడు చెప్పకు. నా మాట విను. మొన్న మహేందర్ వచ్చి వెళ్ళాడు. వానల్లో నది చూడటానికే జనం ఎక్కువ వస్తారని, ఈ మూడు నెలలే తన కాళ్ళు నిలబడే కాలమని చేతులు తిప్పి తిప్పి చెప్పాడు. నాకు వినపడకపోయినా వాడి ముఖం చూస్తే తెలిసింది. బజారు మూస్తే వాడు మళ్ళీ విమానం ఎక్కుతాడు. దుబాయిలో తెలిసినవాడు రమ్మంటున్నాడని వనజ తన కూతురు సుష్మితతో అన్నదట. ఈసారి పోతే నేను వాణ్ణి మళ్ళీ చూస్తానా?

ఎన్నేళ్ళ నుంచి పెద్ద నీళ్ళు రాలేదు చెప్పు. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తితే మైకు పెట్టి చెబుతారు. దసరా దాకా ఆగు. దసరా రోజు తల్లికి మొక్కు ఉందని నేనే వచ్చి, రాయిని దించుదామని అడుగుతాను. పెద్దదాన్ని, నా మాట కొట్టేయరు. అప్పటిదాకా మహేందర్‌కు కూడా చెప్పకు. వాడికి తెలిస్తే వాడే అందరికీ చెబుతాడు, వాడి బుద్ధి నాకు తెలుసు.

నా కొడుకును నా దగ్గర నుంచి పంపకు, చెల్లె. ఇంతకంటే ఏం రాయను.

విమల


నాగిరేవు,
ఆగస్టు 11

అక్కా,

నీ మాట ప్రకారమే నోరు మూసుకున్నాను. ఆదివారాలు దిబ్బ మీద కాలు పెట్టే సందు ఉండటం లేదు. మహేందర్ ఇంకో పెనం తెచ్చాడు. నిన్న నాకు కొర్రమట్ట తల పెట్టి, "చిన్నమ్మా, గీ బోర్డు మీది మాట నువ్వే చెప్పినవని అందరికి చెప్తున్న" అన్నాడు. ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాను.

మూడు రోజుల నుంచి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. ఫోటోల పడవకు కట్టిన తాడు రెండుసార్లు పొడుగు చేశారు. పొద్దున దీపం పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ గంగమ్మ కాళ్ళు తడిమి చూశాను. దుమ్ము ఉంది. దీపం పెట్టి రేవుకు దిగి చూస్తే, రాయి ఉన్న పాత చోట చీలమండల లోతు నీళ్ళున్నాయి. అంటే ఇవాళ మన అమ్మమ్మ అయితే పొయ్యి వెలిగించేది కాదు. పైన పన్నెండు పొయ్యిలూ వెలిగాయి. సాయంత్రానికి నీళ్ళు వాటంతట అవే తగ్గాయి.

దసరాకు ఇంకా ఎన్ని రోజులో రోజూ లెక్కపెడుతున్నాను. నువ్వు ముందే రాలేవా?

సుగుణ


నాగిరేవు,
సెప్టెంబరు 16

అక్కా,

మహేందర్ పోయి ఇరవై రోజులు దాటింది. దినాలకు నువ్వు వచ్చావు, నా పక్కనే కూర్చున్నావు, నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఊరు చెప్పిన కథే నువ్వూ విన్నావు. గంగమ్మ మహిమ చూపి రెండు వందల మందిని కాపాడింది, గ్యాసు బండలు ఆపబోయి మహేందర్ ఒక్కడు చిక్కుకున్నాడు అని. ఆ కథలో సగం నేను కల్పించిందే. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

ఆ ఆదివారం పొద్దున్నే గేట్లు ఎత్తారని మైకు ఆటో చెప్పి వెళ్ళింది. ఎవరూ ఏదీ దాచలేదు. మనవాళ్ళే గద్దె వైపు చూసి పొయ్యిలు వెలిగించారు. పదకొండు గంటలకు పోచన్న పరుగెత్తుకుంటూ వచ్చి, "పాత జాగ మునిగి శానసేపయింది. పాయల నీళ్ళు జొరవడ్డయ్" అన్నాడు. నేను షెడ్డు షెడ్డుకూ తిరిగి లేవమన్నాను. ఒక్కరూ లేవలేదు. ఒకామె నా చెయ్యి పట్టుకుని గద్దె దగ్గరికి తీసుకుపోయి, "అవ్వా, తల్లి కాళ్ళు పొడిగనె ఉన్నయ్ సూడు, నువ్వే గద మాకు చెప్పింది" అంది.

అప్పుడు రాయి సంగతంతా వివరించే సేపు లేదు. వివరించినా ఎవరు వింటారు? నేను మహేందర్ షెడ్డు వంటింట్లోంచి చెంబు తీసుకుని, మండపం వెనక నుంచి పోయి, గంగమ్మ కాళ్ళ మీద నేనే నీళ్ళు పోశాను. తర్వాత ముందుకొచ్చి అరిచాను. నీళ్ళు రాకముందే తల్లి కాళ్ళు తడిశాయని చూసి జనం కంచాలు ఎక్కడివక్కడ వదిలి లేచారు. మోకాలి లోతు పాయలో పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని దాటారు. వనజను నేనే వీపు మీద చెయ్యి వేసి తోశాను.

మహేందర్ నన్ను చూశాడు, అక్కా. వంటింటి కిటికీలోంచి చూశాడు. అందరూ వెళుతుంటే నా దగ్గరికొచ్చి మెల్లగా నవ్వి అన్నాడు. "చిన్నమ్మా, నువ్వే పోసినవు గద. మంచిగనె చేసినవ్, జనం పోనీ. గని నిజంగ తడవలేదు గద, ఇంక యాళ్ల ఉన్నది. పన్నెండు పొయిలు గట్లనె మండుతున్నయ్. బండలు బందు జేసి వస్త."

మోసపోయినవాళ్ళంతా బతికారు. మోసపోనివాడు వాడొక్కడే. మనం నేర్పిన మాట మీద నమ్మకంతో, ఇంకా సేపు ఉందని వెనక్కి పోయాడు. రాయి జరిగిందిరా, నిజంగా తడిసేదాకా ఆగకూడదురా అని నేను అరిచేసరికి వాడు ఆరో షెడ్డు దాటాడు. నది హోరులో వాడికి వినపడలేదు. విన్నట్టు చెయ్యి ఊపాడు, నువ్వు ఫోనులో ఆఁ ఆఁ అన్నట్టే. పోచన్న నన్ను నడుము లోతు పాయలోంచి ఈడ్చుకొచ్చాడు. గంగమ్మ కాళ్ళు నిజంగా తడిసినప్పుడు నేను గడ్డ మీద నిలబడి చూశాను. అప్పటికి మూడో షెడ్డు కిటికీ కనబడటం లేదు.

జూన్‌లో ఒక్క మాట చెప్పి ఉంటే వాడు ఇవాళ దుబాయిలో పెనాలు తోముకుంటూ ఉండేవాడు. నేను ఈ నింద నీ మీద వేయడానికి రాయలేదు. రాయిని కదిలించిన చెయ్యి నాది.

ఇంకొక సంగతి ఉంది కాబట్టే ఈ జాబు. మొన్న కమిటీ కూర్చుంది. తల్లి మహిమ ఊరంతా చూసింది కాబట్టి గద్దెను ఇంకా రెండు మెట్లు ఎత్తు చేస్తారట. దసరాకు బజారు మళ్ళీ తెరుస్తారు. మహేందర్ పేరు కూడా చెక్కిస్తామని ప్రేమ్‌కుమార్ నా కాళ్ళకు దండం పెట్టి చెప్పాడు. వనజ మూడో షెడ్డు మళ్ళీ కడతానంటోంది. రాయిని ఇంకొకసారి కదిలించడానికి నన్నే రమ్మన్నారు. నన్నేం చేయమంటావు?

సుగుణ


కామారెడ్డి,
సెప్టెంబరు 22

సుగుణా,

రాయి మీద చెయ్యి వెయ్యకు.

జూన్‌లో నువ్వు రాసిన జాబు నా బియ్యం డబ్బాలో ఉంది, దీంతో పాటు క్యారియర్లో పెట్టాను. దానికి నేను రాసిన జవాబు నీ దగ్గర ఉంటుంది, నువ్వు కాగితాలు పారేసే మనిషివి కావు. రెండూ పట్టుకుని గద్దె దగ్గరికి పో. పదిమందిని కూర్చోబెట్టి మొదట నీది చదువు, తర్వాత నాది చదువు. ఒక్క మాట కూడా వదిలిపెట్టకు. నా కొడుకును పంపకు అని రాసిన చోట గొంతు తగ్గించకు. చెంబు సంగతి కూడా చెప్పు. మహిమ పోతే పోనీ, రాయి దాని చోటికి రావాలి. పోచన్నను పక్కన నిలబెట్టుకో, గెడ తెమ్మను.

వాళ్ళు నిన్ను తిట్టవచ్చు, కొట్టడానికి కూడా లేవవచ్చు. నేను వచ్చి నీ పక్కన నిలబడాలి. మొన్న మంచం దిగుతూ పడ్డాను, కాలికి కట్టు కట్టారు. నయమయ్యేదాకా ఆగుదామని అనబోయి, ఇంతకుముందు ఆగమన్నది గుర్తొచ్చి ఈ జాబు రాస్తున్నాను.

సుష్మితకు నిన్ననే అంతా చెప్పాను. అది నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం వండి పెడుతోంది.

పదిమందిలో చదివే ముందు ఆ రెండు కాగితాలూ వనజ చేతికియ్యి. ఆమెకు పెనిమిటి పోయాడు, ఊరందరికంటే ముందు తెలియాల్సింది ఆమెకు. చదివాక ఆమె నన్ను రమ్మంటే ఈ కాలితోనే బస్సెక్కి వస్తాను. వద్దంటే, ఆ మాట నువ్వు రాయకు. క్యారియర్ ఖాళీగా పంపు, నాకు తెలుస్తుంది.

విమల